కళ్ళు పెట్టని బొమ్మ

మా ఇంట్లో కుంచె పట్టుకోవడం ఎవరూ నేర్పరు. అన్నం కలుపుకోవడం నేర్చుకున్నట్టే అదీ వచ్చేస్తుంది. తాతగారు గుడి వాహనాలకు రంగులు వేశారు, నాన్న వేశారు, నేనూ వేస్తున్నాను. చుట్టుపక్కల ఏ ఊళ్ళో గరుడ వాహనం వెలిసిపోయినా, హంస ముక్కు విరిగినా గుంటూరులో మా షెడ్డుకే వస్తుంది. ఈకలు నేను వేస్తాను, నగలు నేను దిద్దుతాను, బంగారు రేకు నేను అంటిస్తాను. కళ్ళు మాత్రం ఇంటి మగవాడే పెట్టాలి. ఆ పూట ఆడవాళ్ళను బయటికి పంపి తలుపు వేసేసేవారు. నాకు నలభై మూడేళ్ళు వచ్చాయి. అందులో ముప్పై ఏళ్ళు ఆ తలుపు బయట పళ్ళు నూరుకుంటూ గడిపాను.

కళ్ళు వేయడం రాక కాదు. తలుపు తీశాక నాన్న పెట్టిన కళ్ళను చూసి చూసి, పాత క్యాలెండర్ల వెనకా అట్టపెట్టెల మీదా కొన్ని వందలసార్లు వేసుకున్నాను. ఒకసారి నాన్న ఆ అట్టలు చూశారు. వాటిని పక్కన పెట్టేశారు. తిట్టినా బాగుండేది.

రెండేళ్ళ కిందట, మిరప కోతల రోజుల్లో, మా మేడ మీది గదిలోకి ఒక బ్రిటిష్ పెయింటరు అద్దెకు దిగింది. అరవై దాటిన మనిషి. ఎండబోసిన మిరపకాయల ఎరుపు కోసం అంత దూరం నుంచి వచ్చిందట. మిర్చి యార్డు ఘాటుకు మొదటి వారమంతా తుమ్ములే. "దొరసానమ్మా, ఈ మజ్జిగ తాగండి, తగ్గుద్ది" అని అమ్మ తెలుగులోనే చెప్పేది. ఆవిడ తల ఊపి తాగేసేది. నాకొచ్చిన స్కూలు ఇంగ్లీషు పుణ్యమా అని ఆవిడకు తోడు వెళ్ళే పని నా మీద పడింది.

ఇద్దరం ఆటోలో కల్లాలకు వెళ్ళేవాళ్ళం. ఆవిడ కాన్వాసు మీద మిరప కుప్పలు వేసేది, పరదాలు వేసేది, ఖాళీగా ఉన్న మంచం వేసేది. పదిమంది ఆడవాళ్ళు రంగు పోయిన తాలుకాయలు ఏరుతూ కళ్ళెదురుగానే ఉండేవాళ్ళు. బొమ్మలో ఒక్కరూ ఉండరు.

"మనుషులేరండీ?" అని అడిగేశాను ఒకరోజు.

అప్పుడు చెప్పింది. వాళ్ళ తాత పెయింటరు, తండ్రి పెయింటరు, తల్లి, అన్న కూడా. ముఖాలు వేయడంలో తండ్రికి పెద్ద పేరు. ఇరవై ఏళ్ళప్పుడు ఈవిడ మొదటిసారి ఒక ముఖం వేసి చూపిస్తే, ఇంటికొచ్చిన వాళ్ళంతా అచ్చం మీ నాన్న చెయ్యే అని మెచ్చుకున్నారట. ఆ తరవాత ఇంకో ముఖం వేయలేదు.

నాకు ఒళ్ళు మండింది. వేయనిచ్చినా వేయకుండా కూర్చోవడం ఏం చోద్యం? కడుపు నిండినవాళ్ళ బాధ అనుకున్నాను.

ఆ నెలలోనే దర్శి వైపు ఒక ఊరి గుడి గరుడ వాహనం వచ్చింది. తిరునాళ్ళకు ఇంకా రెండు రోజులే ఉంది. నాన్న ఎప్పటిలాగే పొద్దున్నే స్నానం చేసి తలుపు వేసుకున్నారు. గంట తరవాత బయటికొచ్చి అరుగు మీద కూలబడ్డారు. చెయ్యి వణికి కంటి గీత ముక్కు మీదికి జారింది. మూడుసార్లు తుడిచారట. మంగళగిరిలో కంప్యూటర్ ఉద్యోగం చేస్తున్న తమ్ముడికి ఫోను వెళ్ళింది. వాడు వచ్చాడు గానీ, వాడికి తిన్నగా గీతే రాదు.

అమ్మే తెగించింది. "కుంచె వాడి చేతిలో ఉంటే చాలు కదండీ. వాడి చెయ్యి ఇది పట్టుకుంటది."

నాన్న లేచి దారి వదిలారు. "కానివ్వండి" అన్నారు.

మొదటిసారి ఆ తలుపు లోపలికి వెళ్ళాను. తమ్ముడి చెయ్యి చెమటతో జారుతోంది. "అక్కా, నేను వదిలేస్తన్నా, నువ్వే లాగు" అన్నాడు. లాగాను. కుడి కన్ను, ఎడమ కన్ను. గరుత్మంతుడు నావైపు చూశాడు. అంత సంతోషం నాకు అంతకుముందు ఎప్పుడూ లేదు.

నాన్న దగ్గరికొచ్చి చూశారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "అచ్చం నా చెయ్యేనమ్మా!"

గుడివాళ్ళు వచ్చినప్పుడు "మావాడే పెట్టాడు" అని చెప్పారు. ఆ మాట నేను ఊహించిందే, అంతగా నొప్పి పుట్టలేదు. అచ్చం నా చెయ్యే అన్న మాటే మనసులోంచి పోలేదు. మేడ మెట్ల మీద నిలబడిన ఆవిడ, కళ్ళు చూసి నాన్న ఏమన్నారని అడిగింది. చెప్పాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. ఆవిడ మీద అంతకుముందు విసుక్కున్నందుకు సిగ్గేసింది.

వెళ్ళేముందు చిన్న కాన్వాసు ఇచ్చింది. గరుడ రెక్క పక్కన కుంచె పట్టుకుని నేను. నుదురు, ముక్కు, రంగంటిన ముంగురులు, అన్నీ నావే. కళ్ళ చోటు మాత్రం ఖాళీ.

"నాకు వేయడం వచ్చిన కళ్ళు మా నాన్నవి. నీవి నువ్వే పెట్టుకో" అంది.

ఇప్పుడు వాహనాలకు కళ్ళు నేనే పెడుతున్నాను. తమ్ముడు రానని చెప్పేశాడు, నాన్న చెయ్యి పూర్తిగా పడిపోయింది, తలుపు వేసేవాళ్ళు లేరు. ఒక్కో కంటికి పది నిమిషాలు పట్టదు. ఈ కాన్వాసు ముందు అద్దం పెట్టుకుని కూర్చుంటేనే చెయ్యి నా మాట వినదు. కొసలు పైకి తేలిపోతాయి, కింది రెప్ప ఉబ్బుతుంది, కొలికిలో నాన్న పెట్టే ఆ ఎర్ర గీత దానంతటదే పడుతుంది. "ఇంకెన్నాళ్ళే ఆ గుడ్డి బొమ్మ?" అని అమ్మ సణుగుతుంది.

నిన్న మళ్ళీ వేశాను. నాన్న వెనకనుంచి వచ్చి చాలాసేపు చూశారు. "బాగా కుదిరాయమ్మా" అన్నారు, ఎంతో తృప్తిగా. ఆయన లోపలికి వెళ్ళేదాకా ఆగి, గుడ్డ తీసుకుని తుడిచేశాను.