సన్నగీత

నా పని ఇంగ్లీషు అక్షరాలు గీయడం. మేముంటున్న పరాయిదేశంలో, ఆంగ్ మో కియో అనే పేటలో ఒక చిన్న ఆఫీసులో ఫాంట్లు తయారుచేస్తాం. ఈ మాట చెప్తే మనవాళ్ళు అదీ ఒక ఉద్యోగమేనా అన్నట్టు చూస్తారు. వివరించడం ఎప్పుడో మానేశాను.

కిందటేడాది చేతిలో ఉన్నది పెద్ద హెడ్డింగుల ఫాంటు. అత్తరు డబ్బాలు, పత్రికల అట్టలు, ఖరీదైన హోటళ్ళ బోర్డులు, అలాంటి చోట్లకి. నిలువుగీతలు బాగా లావు. వాటిని కలిపే గీతలు, చివర్లలో ఉండే పాదాలు మాత్రం వెంట్రుకంత సన్నం. ఆ తేడాలోనే దాని అందమంతా ఉంది. సన్నగీత కాస్త లావెక్కితే అక్షరం మొద్దుగా కూర్చుంటుంది. మరీ సన్నబడితే ప్రింటులో మాయమవుతుంది. నెలల తరబడి ఆ గీతతోనే గొడవపడ్డాను.

మా ఆయన బ్యాంకులో పనిచేస్తారు. పెళ్ళయిన కొత్తలోనే మాకో అలవాటైంది. నేను ప్రింటు తీసి ఫ్రిజ్ తలుపుకి అంటిస్తాను, ఆయన కాఫీ తాగుతూ వంకలు పెడతారు. "ఆ ఆర్ కాలు చూడు, జారిపోతున్నట్టు లేదూ?" అంటారు. నాకు ఒళ్ళు మండుతుంది. మర్నాడు ఆఫీసుకెళ్ళి ఆ కాలు సరిచేస్తాను.

ఈ ఫాంటుకి మాత్రం ఒక్క వంకా పెట్టలేదు. ఏది అంటించినా "బాగుంది" అనేవారు. మొదట మురిసిపోయాను. తర్వాత కోపం వచ్చింది, నా పనిమీద ఆసక్తి పోయిందని. బయట తినడానికి వెళ్ళే హాకర్ సెంటర్లో కూడా వంటకాల బోర్డు చదవడం మానేసి, నేను తినేదే తనకీ చెప్పమనేవారు. బద్ధకం అనుకున్నాను.

ఒక ఆదివారం ప్రింటరు మొరాయించి సన్నగీతలేవీ పడలేదు. చిన్న ఎన్ అంటే ఉత్త రెండు స్తంభాలు. ఆయన్ని ఉడికిద్దామని దాన్నే అంటించాను. ఆయన స్నానంలో ఉండగా మా అమ్మాయి చూసి, "అమ్మా, సగం లెటర్స్ మిస్సింగ్ లా" అని ఇక్కడి యాసలో అనేసి, నవ్వి ట్యూషన్‌కి వెళ్ళిపోయింది.

ఆయన వచ్చి, దగ్గరగా నిలబడి చాలాసేపు చూశారు.

"బాగుంది."

"ఏం బాగుందండీ? సన్నగీతలే లేవు. చూడకుండానే చెప్పేస్తారా?" అని విరుచుకుపడ్డాను.

ఆయన కాగితంమీద వేలు పెట్టి, ఒక స్తంభం దగ్గర్నుంచి ఇంకోదాని దాకా మెల్లిగా జరిపారు.

"నాకు అన్నీ ఇలాగే కనపడుతున్నాయి. డాక్టర్ దగ్గరికి వెళ్ళొచ్చాను. పోయిన చూపు తిరిగి రాదంట. ఉన్నది కాపాడుకోవడమేనంట."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే గీతలు లావు చేసేస్తావు. నీ సంగతి నాకు తెలీదా."

వంటగదిలో నేలమీద కూలబడి ఏడ్చాను. ఆయనమీద కోపం కన్నా ఆ ఫాంటుమీద అసహ్యమే ఎక్కువైంది. ఇంట్లో మనిషికి కనపడని అందం ఎవరికోసం అనిపించింది.

మర్నాడు ఆఫీసుకెళ్ళి గీతలు లావు చేశాను. ప్రింటు తెచ్చి అంటించాను. "బాగుంది" అన్నారు. ఇంకాస్త లావు చేశాను. మళ్ళీ "బాగుంది." అలా కొన్నాళ్ళు నడిచింది. ఆఫీసులో ఎవరు ఏమన్నా వినిపించుకోలేదు.

ఒక సాయంత్రం ఆయన వేలు నేరుగా వెళ్ళి చిన్న ఎన్ పైగీతమీద ఆగింది.

"కనపడుతోంది" అన్నారు. ఒక్క క్షణం ముఖం వెలిగింది. అంతలోనే చెయ్యి తీసేశారు.

"పాడుచేశావు కదే."

ఆ ఫాంటుకి ఆయన పెట్టిన మొదటి వంక అది. నిజమే, పాడుచేశాను.