రెండో ప్రాసెసర్‌కు బొట్టు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను కడపలో కంప్యూటర్లు బాగుచేసేవాణ్ణి. పని బాగానే వచ్చు, కోపం అంతకు రెండింతలు వచ్చు. ఒక ఆదివారం పొద్దున్నే ఓ కంటి ఆసుపత్రికి పోయాను. అక్కడి సర్వర్లో ఒకే ప్రాసెసర్ ఉండేది. రోగుల రద్దీకి అది నీరసపడిపోతోందని డాక్టరుగారు రెండోది తెప్పించి పెట్టారు.

రోగుల వివరాలు చూపే ప్రోగ్రామ్‌ను రిసెప్షన్లో కూర్చునే అక్క సొంతంగా రాసింది. యాభై ఏళ్ళ మనిషి. సాయంత్రాలు కోచింగ్‌కు పోయి నేర్చుకుని, ఆ మిషన్ మీదే ఆరేళ్ళపాటు కొంచెం కొంచెంగా అతుకులేసుకుంటూ వచ్చింది. ఇంకో కంప్యూటర్లో పెడితే ఒక్కసారీ నడవలేదట. డాక్టరుగారు తేల్చి చెప్పేశారు.

"చూడప్పా, విండోస్ మళ్లా ఎక్కించాల్సొస్తే ఇంగ ఈ ప్రోగ్రామ్‌ను వదిలేస్తాం. కంపెనీ సాఫ్ట్‌వేర్ కొనుక్కుంటా."

అక్క కొంగు వేలికి చుట్టుకుంటూ నా వెనకే నిలబడింది.

నేను టీ తాగొచ్చి ప్రాసెసర్ బిగించి ఆన్ చేశాను. కీచుమని కూతే తప్ప స్క్రీన్ రాలేదు. ఊడదీసి చూద్దును కదా, ప్రాసెసర్ అడుగునున్న సన్నటి కాళ్ళ మధ్య కుంకుమ!

"ఎవురు చేసిన పనిది? బుద్ధుండాల్నా వద్దా?" అని అరిచేశాను.

"నేనే నాయనా. కొత్త సామాను, బొట్టు పెట్టకుండా ఎట్ల లోపల పెట్టేది? ఇది బాగుంటేనే కదా నాది బతికేది..." అంటూనే అక్క ఏడ్చేసింది.

నాకు సిగ్గేసింది. ఆసుపత్రిలో స్పిరిట్‌కేం కరువు? మెత్తటి బ్రష్షుతో ఒక్కో కాలూ తుడుస్తూ గంటసేపు కూర్చున్నాను. మళ్ళీ బిగిస్తే ఈసారి లేచింది. కానీ విండోస్‌కు ఒక్క ప్రాసెసరే తెలుసు. రెండోది ఉందని సెట్టింగుల్లో చెప్పాలి, అక్కడ తప్పుది ఎంచుకుంటే ఇక విండోస్ మళ్ళీ ఎక్కిస్తే తప్ప లేవదు. రెండుసార్లు చదివి నొక్కాను. మిషన్ ఆగి మళ్ళీ మొదలయ్యేదాకా నల్లటి స్క్రీన్ ముందు ముగ్గురం నిలబడ్డాం.

వచ్చింది. రెండు ప్రాసెసర్లూ కనిపించాయి. అక్క తన ప్రోగ్రామ్ తెరిచి ఏదో నంబరు కొట్టింది. రాయచోటి నుంచి వచ్చే ఓ ముసలామె వివరాలు తెరుచుకున్నాయి. అడుగున అక్క రాసుకున్న మాట: 'చెవులు వినపడవు. పన్నెండు బస్సుకు పోవాల. ముందు పంపించు.' ఆరేళ్ళుగా వచ్చిన ప్రతి మనిషి పేరు కిందా అలాంటి మాట ఒకటి ఉంది. డాక్టరుగారు వంగి నాలుగైదు చదివారు.

"కంపెనీదొద్దులేమ్మా" అని లోపలికి వెళ్ళిపోయారు.

"కొత్త పేరు ఎక్కుతాదో లేదో చూస్తా ఉండు" అని అక్క నా పేరు, వయసు అడిగి కొట్టింది. కంటి జబ్బు దగ్గర ఖాళీ వదిలేసి అడుగున రాసింది: 'కోపం శానా. పొద్దున్నుంచి ఏమీ తినలేదు. అన్నం పెట్టి పంపించాల.'

"తప్పయిపోయిందక్కా" అన్నాను, ఆమె మొహం చూడలేక ఆ స్క్రీన్ వైపే చూస్తూ.