బ్రిటన్ ఇచ్చిన సర్టిఫికెట్

2018 చివర్లో కెనడాలోని కనాటాలో ఒక చిన్న వైద్య పరికరాల కంపెనీలో రెగ్యులేటరీ అఫైర్స్ మేనేజర్‌గా చేరాను. మా సరుకు ఏ దేశానికి వెళ్లాలన్నా అక్కడి చట్టం ఒప్పుకుంటుందో లేదో చూసి, విడుదల కాగితం మీద సంతకం పెట్టడం నా పని. ఆ సంతకం లేనిదే డైరెక్టర్ చెప్పినా ఒక్క పెట్టె కదలకూడదు.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లల ఊపిరిని కనిపెట్టుకుని ఉండే మానిటర్లు, వాటి సెన్సార్లు మేం తయారుచేసేవాళ్లం. సెన్సార్ బిడ్డకొకటి, వాడి పారేసేది. యూరప్‌లో అమ్మాలంటే అక్కడ గుర్తింపు పొందిన తనిఖీ సంస్థ సర్టిఫికెట్ కావాలి. మాకు ఇచ్చింది బ్రిటన్ సంస్థ. బ్రిటన్ యూరోపియన్ యూనియన్‌లో ఉన్నన్నాళ్లూ ఆ ఒక్క కాగితం అన్ని సభ్యదేశాల్లోనూ చెల్లింది. మార్చి ఆఖరికి బ్రిటన్ ఒప్పందం లేకుండా బయటికొస్తే అక్కడితో చెల్లదు.

చేరిన వారంలోనే ఈ సంగతి డైరెక్టర్ గ్రాంట్‌కు చెప్పాను. "చివరి నిమిషంలో ఏదో ఒకటి కుదుర్చుకుంటారులే సునీతా" అన్నాడు. అయినా నెదర్లాండ్స్ సంస్థకు ఫైలు మార్చడానికి అప్లై చేయనిచ్చాడు. మాలాంటివాళ్లు అప్పటికే చాలామంది వరసలో ఉన్నారు. వేసవికి ముందు వీలుకాదని జవాబు వచ్చింది.

జనవరిలో ఐర్లండ్ నుంచి నోరా ఫోన్ చేసింది. యూరప్‌లో మా సెన్సార్లు అందరికంటే ఎక్కువగా కొనే ఆసుపత్రిలో పసిపిల్లల వార్డు హెడ్ నర్సు ఆమె.

"ఏప్రిల్‌లో నాకు సెన్సార్లు వస్తాయా, రావా? రావంటే ఇప్పుడే చెప్పండి. లండన్ పార్లమెంటులో ఓట్లు తేలేదాకా పిల్లలు పుట్టకుండా ఆగరు కదా!"

వారంలో చెబుతానన్నాను. ఏం చెప్పాలో నాకే తెలియదు.

చట్టంలో ఒక వెసులుబాటు కనిపించింది. గడువులోపు 'మార్కెట్‌లో పెట్టిన' సరుకును తర్వాత కూడా వాడుకోవచ్చు. అందుకని ఆరు నెలలకు సరిపడా సెన్సార్లు నెదర్లాండ్స్‌లోని రాటర్‌డామ్‌లో మేం అద్దెకు తీసుకున్న గోదాముకు పంపాలని నిర్ణయించి, ఆ మాటే నోరాకు చెప్పాను. మంచు తుపానుకు రెండుసార్లు ఫ్లైట్లు రద్దయ్యాయి. ఆదివారం తెలుగు ఆరాధనలో పాస్టర్ గారు ఏం చెబుతున్నారో నా చెవికి ఎక్కేది కాదు. గడువుకు ఇంకా మూడు వారాలు ఉందనగా సరుకు మొత్తం చేరింది.

డిస్పాచ్ చూసే రెడ్డి గారు, కరీంనగర్ ఆయన, కాఫీ తెచ్చుకుని నా టేబుల్ దగ్గరికొచ్చారు. "మాల్ అంతా చేరింది మేడం. ఇగ మార్కెట్‌ల పెట్టినట్టే కదా?"

అవునన్నాను. అన్నానే గానీ మనసు ఒప్పుకోలేదు. వెళ్లి మార్గదర్శకాలు మళ్లీ తీశాను. సరుకు మన గోదాముకు చేరితే చాలదు. గడువులోపు మరొకరికి అమ్మినట్టు ఒప్పందం ఉండాలి. అప్పటికి ఒక్క పెట్టె కూడా ఎవరికీ అమ్మలేదు. ఆ వాక్యం నేను మొదటే చదివాను, తప్పుగా చదివాను.

గ్రాంట్‌కు ఉన్నదున్నట్టు చెప్పాను. "ఏప్రిల్‌లో ఆర్డర్లు వచ్చాక పాత తేదీ వేసేద్దాం. ఎవరు చూస్తారు?" అన్నాడు.

"అలా అయితే నేను సంతకం పెట్టను."

"తప్పు నీదే కదా!"

"నాదే. అందుకే ఇంకో తప్పు చేయను."

నేను వెళ్లి నోరాకు ఫోన్ చేశాను, తప్పు నాదేనని కూడా చెప్పాను. మొత్తం సరుకుకు గడువులోపు ఆర్డర్ కావాలన్నాను. ఆమె చిరాకుపడింది. "అంత పెద్ద ఆర్డర్ పెట్టే అధికారం నాకు లేదు. పైవాళ్లను అడుగుతాను, మాటివ్వలేను."

ఎనిమిది రోజులు ఎదురుచూశాను. ఈమెయిల్ వచ్చిన శబ్దం వింటే చాలు, చేతిలో పని వదిలేసి చూసేదాన్ని. తొమ్మిదో రోజు ఉదయం ఆర్డర్ వచ్చింది. చుట్టుపక్కల ఆసుపత్రులను కూడా కలుపుకుని, అందరి తరఫునా సంతకం పెట్టించింది నోరా.

రెండు రోజులకే బ్రిటన్ గడువు వాయిదా పడింది. ఆ వార్త మా అమ్మాయి మెసేజ్ పెడితే తెలిసింది. "చూశావా, అనవసరంగా కంగారుపడ్డాం" అన్నాడు గ్రాంట్. నాకు సంతోషం కలగలేదు, నోరా పంపిన ఆర్డర్‌ను ఫైలులో పెట్టాను. తర్వాత గడువు ఇంకా రెండుసార్లు మారింది. ఆ వేసవిలో మా ఫైలు నెదర్లాండ్స్‌కు మారిపోయింది.

2020 జనవరిలో బ్రిటన్ బయటికొచ్చినా, ఆ ఏడాది చివరిదాకా పాత నియమాలే నడిచాయి. ఆ ఏడాది ఆఖర్లో బ్రిటన్‌కూ యూరప్‌కూ వాణిజ్య ఒప్పందం కుదిరింది. మా పక్క వీధిలో ఇలాంటి పరికరాలే చేసే ఒకాయన ఉత్సాహంగా ఫోన్ చేశాడు. "ఒప్పందం వచ్చేసిందిగా, మా బ్రిటన్ సర్టిఫికెట్‌కు ఇక ఢోకా లేదు కదా?" నేను ఆ ఒప్పందం ప్రతి మొత్తం వెతికాను. ఆ సర్టిఫికెట్లు చెల్లుతాయన్న మాట ఎక్కడా లేదు. జనవరి నుంచి ఆయన సరుకు ఆగిపోయింది.

ఒప్పందం కుదిరిందన్న వార్త వేరు, అందులో మన పని గురించి ఒక వాక్యం ఉండడం వేరు. ఆ వాక్యం ఉందో లేదో ఎవరికి వారు చదివి చూసుకోవాలి, అర్థమైందనుకున్నాక మరోసారి చదవాలి.