పైపుకి చుట్టిన గోనె

కొండ మీది ఆ బంకర్‌కి చేరేసరికి ఉదయం పది. జడివాన. బూట్లలో నీళ్లు, రేషన్ పెట్టెలో నీళ్లు. మాది సిగ్నల్ బంకర్. లోపల రేడియో వేడెక్కకుండా గదిని చల్లబరిచే నీళ్ల పైపు కప్పు కిందనుంచి పోయేది. మా బస్తీ ఉప్పుగూడలో అందరూ నన్ను తుపాకుల గురించే అడుగుతారు. నాకు గుర్తొచ్చేది ఆ దిక్కుమాలిన పైపు. ఏం చెయ్యమంటారు!

రేడియో ఆపరేటర్ మా ఊరివాడే. మొఘల్‌పురా పాలవాళ్ల అబ్బాయి.

"ఉప్పుగూడనా? అరె, మస్తయింది భాయ్! ఇగ ఇద్దరం తెలుగుల తిట్టుకోవచ్చు," అన్నాడు.

రేడియో పైన, గోడ వైపు, పైపు మీది నల్లరబ్బరు తొడుగు చినిగి ఉంది. అక్కడ పైపుకి చెమట పట్టేది. కొత్త తొడుగు కింద డిపోలో ఉంది, దారేమో కొట్టుకుపోయింది. ఆపరేటర్ గోనెసంచి చింపి చుట్టాడు.

"ఫికర్ చెయ్యకు. మా ఇంట్ల రంజన్‌కు గిట్లనే చుడతం."

"హవా అందర్ నహీ జానీ చాహియే," అని గొణిగాడు హవల్దార్. గోనె లోపలికి గాలి పోకూడదని ఆయన బాధ. గోనె పైకి పొడిగానే కనిపించింది, అందరం ఊరుకున్నాం. రంజన్ అంటే మంచినీళ్ల మట్టికుండ; దానికి తడిగోనె మంచిదే, నీళ్లు చల్లబడతాయి. పైపు కథ వేరు. గోనెలోంచి దూరిన తేమగాలి చల్లటి ఇనుముని తాకి నీళ్లయింది. ఆ నీళ్లు గోడవైపునుంచి చుక్కచుక్కగా రేడియో తీగల పెట్టెలోకి దిగాయి. ఎవరూ చూడలేదు.

ఒక మధ్యాహ్నం మా అయిదుగురి గస్తీ బంకర్ కింది వాగు అవతల ఉంది. పైనుంచి వరద వస్తోంది, వాళ్లని దాటనివ్వొద్దని ఫోన్‌లో ఆర్డరు. ఆపరేటర్ మైకు నొక్కాడు.

"గస్తీ, వాగు దాటొద్దు. వినపడుతోందా? ఓవర్."

"బంకర్, మీ మాట అందట్లేదు. వాగు దాటడానికి వస్తున్నాం. ఓవర్."

వాళ్లది మాకు వినపడుతోంది, మాది వాళ్లకి పోవట్లేదు. ఆపరేటర్ పెట్టె మూత తీశాడు. అడుగున నీళ్లు, తీగలకి పచ్చటి చిలుము. తలెత్తి పైపు వైపు చూశాడు.

"నేను చుట్టిన గోనెనే గద భాయ్. నువ్వు సెట్ కాడ కూసో."

టోపీ కూడా పెట్టుకోకుండా వానలోకి పరుగెత్తాడు. వాగు గట్టు చివర నిలబడి, రెండు చేతులూ ఊపి గస్తీని అవతలే ఆపాడు. అయిదుగురూ బతికారు. అతని కాళ్ల కింద గట్టు విరిగింది. మర్నాడు వాగు కింది మలుపులో శవమై దొరికాడు. దేవుడి మీద నాకు ఇప్పటికీ కోపమే.

డ్యూటీ ముగిసి ఇంటికొచ్చాక మొఘల్‌పురా వెళ్లాను. మండే ఎండ. గడప పక్కన అతని తండ్రి రంజన్‌కి చుట్టిన గోనె మీద నీళ్లు చల్లుతున్నాడు.

"కూసో బిడ్డా. ఈ గోనె మా పోరడే చుట్టిండు, పోయిన సెలవుల. విప్పబుద్ధి అయితలేదు."

"మంచిగ చుట్టిండు, బాపు," అన్నాను.

గోనె అంచున ఒక చుక్క ఊరింది. కింద రేడియో ఉన్నట్టు నా చెయ్యి దానంతటదే వెళ్లి పట్టింది.

"ఆగు బిడ్డా, గిలాసల ఇస్త. చేత్తోనెందుకు?" అన్నాడు బాపు.

చెయ్యి తియ్యలేకపోయాను.