వేణుకు కనపడని పడవ

నిజామాబాద్ ఖలీల్‌వాడిలో, ఆసుపత్రుల వరుస దాటాక వచ్చే సందులో ఒక ఫ్లెక్సీ దుకాణం ఉంది. అందులో డిజైన్లు చేసేది వేణు. పుట్టినరోజులు, గృహప్రవేశాలు, నాయకుల స్వాగతాలు, సంవత్సరీకాలు, ఊళ్లో కట్టే బ్యానర్లలో సగం అతని చేతి మీదుగా పోయినవే. సొంతూరు ధర్పల్లి. పని బాగా వచ్చు, మాట మెత్తన, ఎవరికైనా సాయం కావాలంటే ముందుంటాడు. ఒక్క గుణం మాత్రం చిన్నప్పటి నుంచీ అతన్ని వదల్లేదు. పక్కవాడు తనకంటే ఒక మెట్టు పైకెక్కితే ఓర్చుకోలేడు. బడిలో చదివేటప్పుడు చిన్నాయన కొడుకు దేవన్నకి బొమ్మల పోటీలో మొదటి బహుమతి వస్తే, వేణుకు జ్వరం వచ్చి మంచం పట్టాడు. అది దొంగ జ్వరం కాదని, ఒళ్లు నిజంగానే కాలిపోయిందని వాళ్లమ్మ ఇప్పటికీ చెబుతుంది.

పెద్దయ్యాక ఆ గుణానికి కాస్త ఊరట దొరికింది. డిజైన్ పని కోసం ఇంట్లో మంచి కంప్యూటర్ పెట్టుకున్నాడు, దాంట్లో ఒక ఆట మొదలుపెట్టాడు. దానికేదో పొడుగాటి ఇంగ్లీషు పేరుంది కానీ వాళ్లింట్లో అందరూ కొండలాట అంటారు. అదొక పెద్ద లోకం. మంచు కొండలు, చీకటి అడవులు, కూలిన కోటలు, నిప్పులు కక్కే డ్రాగన్లు. ఎటు పొమ్మని ఎవరూ చెప్పరు. గుర్రమెక్కి ఎటైనా పోవచ్చు. వేణు పెళ్లికి ముందు నుంచీ ఆడుతున్నాడు. డ్రాగన్లన్నిటినీ కూల్చాడు, మూసిన కోటలన్నీ తెరిచాడు. నిజామాబాద్, ఆర్మూర్, బోధన్ కుర్రాళ్లు ఆ ఆట కోసం పెట్టుకున్న వాట్సాప్ గ్రూపులో ఎవరు దారి తప్పినా వేణునే అడిగేవారు. బోధన్ దగ్గర ఒక క్యాంపులో ఉండే సతీష్‌బాబు అయితే అతన్ని గురువుగారూ అనే పిలిచేవాడు. సతీష్‌బాబు తాతలు కోస్తా నుంచి కాలువ కింద సాగుకు వచ్చిన వాళ్లు, అలాంటి వాళ్ల ఊళ్లనే అక్కడ క్యాంపులంటారు. ఒకప్పుడు చెరుకు పండించిన పొలాల్లో ఇప్పుడు వరి వేస్తున్నాడు. కూతురి పుట్టినరోజు ఫ్లెక్సీకి వచ్చి వేణు ఫోన్‌లో ఆ ఆట బొమ్మ చూసి స్నేహితుడయ్యాడు. ఎవరైనా గురువుగారూ అన్నప్పుడు వేణు ముఖం వెలిగిపోయేది.

అతని భార్య దీక్షిత. ఏర్గట్లలో పసుపు పండించే ఇంటి పిల్ల, ఖలీల్‌వాడిలోనే ఒక ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేస్తుంది. నిరుడు వానాకాలం మొదట్లో స్కూటీ జారి కాలు విరిగింది. మోకాలి దాకా కట్టు వేసి, కదలొద్దన్నారు. పసుపు విత్తే పని పెద్దకొడుక్కి అప్పజెప్పి తల్లి గంగుబాయి బిడ్డను చూసుకోడానికి వచ్చింది. పొద్దంతా కూర్చుని కూర్చుని దీక్షితకు పిచ్చెక్కేది. అది చూసి వేణే ఒక సాయంత్రం ఆటలో ఆమె పేరుతో వేరే ఖాతా తెరిచి, కంట్రోలర్ చేతికిచ్చాడు.

"ముందుగాల కత్తి తియ్యి. గీ బటన్. ఎవడన్న ఎదురొస్తే ఆలోచించకు, కొట్టుడే" అన్నాడు.

"ఆడు నన్నేమన్లే కద, ఎందుకు కొట్టుడు?" అంది దీక్షిత.

వేణు నవ్వాడు. అలా నేర్పడం అతనికి ఎంతో హాయిగా అనిపించింది. ఆమె గుర్రాన్ని చెట్టుకు గుద్దించినా, వంతెన మీది నుంచి వాగులో పడినా ఓపికగా సరిచేశాడు. ఇంత మంచి మొగుడు ఎవరికుంటాడని గంగుబాయి పక్కింట్లో చెప్పుకుంది కూడా.

కొన్నాళ్లకు దీక్షిత సొంతంగా తిరగసాగింది. కథ చెప్పిన దారి పట్టలేదు. ఏ కోటకూ పోలేదు. వాగు వెంట పోయేది, పిట్టలు వాలిన చోట ఆగేది, పొగ కనిపిస్తే ఎవరో వండుకుంటున్నారని అటు మళ్లేది. గంగుబాయి ఎదురుగా కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ చూసేది.

"పొద్దట్నించి ఉరికిస్తున్నవు, గా గుర్రానికి నీళ్లు తాపవా బిడ్డా?" అని అడిగిందొకరోజు.

"అమ్మా, అది బొమ్మ గుర్రమే."

"బొమ్మదైతేంది, చూడు ఎట్ల రొప్పుతున్నదో."

దీక్షిత నవ్వుకుని, పొగమంచు కప్పిన ఒక పెద్ద చెరువు ఒడ్డున గుర్రం దిగింది. గుర్రం నిజంగానే తలవంచి నీళ్లు తాగింది. ఆమె ఊరికే నిలబడింది. కాసేపటికి మంచులోంచి ఒక పడవ వచ్చింది. పడవలో ఒక ముసలామె. ఎక్కించుకుని, తెడ్డు వేస్తూ, తను చిన్నప్పుడు చూసిన వరద గురించి ఏదో కథ చెప్పింది. అవతల కొండ వెనక ఒక లోయ. అక్కడ వాన పడితే నేలంతా నీలంగా పూలు విచ్చుకుంటున్నాయి.

వేణు ఇంటికి రాగానే చెయ్యి పట్టి కూర్చోబెట్టి చూపించింది. "చూడవయ్యా! ఎంత మంచిగున్నదో!"

వేణు చూశాడు. ఆ చెరువు మీది వంతెన దాటుతూ ఎన్నిసార్లు పోయాడో లెక్కలేదు. పడవ ఎన్నడూ చూడలేదు. 

"ఆఁ, నాకెర్కే గది. ఎప్పుడో చూసిన" అన్నాడు.

"మరి ఎన్నడు చెప్పలె?"

"నువ్వే చూస్తవని చెప్పలె."

ఆమె నమ్మింది. ఆ నమ్మకం అతన్ని ఇంకా గుచ్చింది. మర్నాడు ఆమె స్నానానికి పోయిన సమయంలో ఆమె ఆట తెరిచి, పడవనూ ఆ లోయనూ వీడియో తీసి గ్రూపులో పెట్టాడు. కింద, 'ఎవరూ చూడని చోటు, దొరకబట్టిందెవరో వేరే చెప్పాల్నా?' అని రాశాడు. పొగడ్తలు వచ్చిపడ్డాయి. చదువుకుంటుంటే సంతోషం రావాల్సింది పోయి, ఒక్కొక్క పొగడ్తా ఎవరిదో ఉత్తరం తను విప్పి చదివినట్టు ఉంది. తన ఆటలో ఆ చెరువు దగ్గరికి మళ్లీ మళ్లీ పోయాడు. పడవ రాలేదు.

ఆ ఆదివారం మోటారు సామాన్లకని నిజామాబాద్ వచ్చిన సతీష్‌బాబు, తోటలో జామకాయలు సంచినిండా పట్టుకుని ఇంటికి వచ్చాడు.

"గురువుగారూ, ఆ లోయకు దారి మీ చేత్తో చూపించాల్సిందేనండీ. నేను ఆ గట్టు మీద పడిగాపులు కాస్తున్నాను, పడవ రాదే!"

దీక్షిత తలెత్తి చూసింది. "ఏ లోయ అన్నా?"

"మీ ఆయన వీడియో పెట్టారు కదమ్మా. నీలం పూలు. మీకు చూపించలేదా?"

ఆమె వేణు వైపు తిరిగింది. వేణు కంప్యూటర్ వైపు తిరిగాడు. తన ఆట తెరిచి చెరువు ఒడ్డుకు పోయి నిలబడ్డాడు. మంచు కదులుతోంది, నీళ్లు కదులుతున్నాయి, పడవ లేదు. "ఒక్కోపాలి లేటైతది" అన్నాడు. అటూ ఇటూ నడిచాడు. చెమట పట్టింది. సతీష్‌బాబు మర్యాదగా జామకాయ కొరుకుతూ కూర్చున్నాడు.

కట్టు కట్టిన కాలు స్టూలు మీద చాపుకుని కూర్చున్న దీక్షిత తెర వైపే చూస్తోంది. చివరికి మెల్లగా, "కత్తి లోపట పెట్టు" అంది.

వేణు ఆటలో కత్తి ఎప్పుడూ చేతిలోనే ఉండేది. దాన్ని ఒరలో పెట్టాడు. కాసేపటికి మంచులోంచి పడవ వచ్చింది.

సతీష్‌బాబు పకపకా నవ్వాడు. "ఓహో, కనిపెట్టింది చెల్లెమ్మేనా! ఇదా సంగతి! కత్తి చూస్తే ముసలమ్మ రాదన్నమాట. ఏం తెలివండీ! అమ్మా, ఇంకేం చూశారో చెప్పండి, నేను రాసుకుంటాను."

అతని మనసులో ఎగతాళి లేదు. అయినా వేణుకు ఆ నవ్వు చెవుల్లోంచి పోలేదు. ఆ రోజు నుంచి సతీష్‌బాబు ఫోన్ చేసి, "చెల్లెమ్మ ఉందాండీ?" అని అడిగేవాడు. దీక్షిత స్పీకర్ పెట్టి దారులు చెబుతుంటే వేణు వంటింట్లోకి పోయి అక్కర్లేని గిన్నెలు కడిగేవాడు. గంగుబాయి ఏర్గట్లకు ఫోన్ చేసి, "మా దీక్షిత ఏందో లోయ దొరకబట్టిందట, బోధన్ నుంచి పెద్దపెద్దోళ్లు అడుగుతున్నరు" అని కొడుక్కి చెప్పింది. వీడియో సంగతి గురించి దీక్షిత ఒక్క మాటా అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. అనకపోవడం కూడా ఆమె తనకంటే ఒక మెట్టు పైనుండటంలాగే తోచింది వేణుకు.

శనివారం మధ్యాహ్నం అన్నానికి ఇంటికొచ్చాడు. తల్లీబిడ్డలు కట్టు చూపించుకోడానికి ఆసుపత్రికి పోయారు. ఒక్కడే తిన్నాడు. తర్వాత ఆమె ఆట తెరిచాడు. ఇంకేమేం కనుక్కుందో చూద్దామనే తెరిచాడు, వేరే ఆలోచన లేదు. ఆమె పటం నిండా గుర్తులున్నాయి. ఒక్కోదానికి ఆమె పెట్టుకున్న పేర్లు: ఉడతల బండ, అమ్మ మెచ్చిన మోటబావి, చలి వాగు. అన్నేళ్లు ఆడిన తన పటంలో కోటలు, డ్రాగన్ల గుహలు తప్ప ఏమీ లేవు. ఒక్కో పేరు చదివేకొద్దీ కడుపులో మంట లేచింది.

చెరువు దగ్గరికి పోయాడు. పడవ వెంటనే వచ్చింది. తనతో ఎప్పుడూ, ఎక్కు అని మాత్రమే అన్న ముసలామె, దీక్షిత బొమ్మను చూసి, మళ్లీ వచ్చావా తల్లీ, నీ కోసమే చూస్తున్నాను, అంది. మాటలు తెర మీద ఇంగ్లీషులో వచ్చాయి. వేణు రెండోసారి చదవలేదు. కత్తి దూశాడు. ఒక్క దెబ్బకే ఆమె పడవలో ఒరిగిపోయింది. తెడ్డు నీళ్లలో తేలిపోయింది. ఈ ఆటలో చచ్చినవాళ్లు మళ్లీ లేవరు. ఆ సంగతి అతనికి బాగా తెలుసు.

కంప్యూటర్ ఆపి దుకాణానికి పోయాడు. ఎవరిదో పాప పుట్టినరోజు ఫ్లెక్సీ చేస్తుంటే పాప పేరు తప్పు రాశాడు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి దీక్షిత ఆడుతోంది. చెరువులో ఖాళీ పడవ గాలికి తిరుగుతోంది. "ఈమె ఏడవోయింది?" అంటూ ఒడ్డంతా వెతుకుతోంది. "కొండ అవతల ఇల్లున్నదన్నది, గాడికి పోయిందేమో." అంతసేపూ వేణు తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"కొందరు నడుమనే సచ్చిపోతరు. ఆట అట్లనే ఉంటది" అన్నాడు.

అప్పుడే గుర్రాల మీద కావలి భటులు వచ్చి ఆమెను చుట్టుముట్టారు. ముసలిదాన్ని చంపిన హంతకురాలా, లొంగిపో, అని తెర మీద పడింది. దీక్షిత ఆ మాట చదివింది. ఆట మొదలుపెట్టాక ఆమె ఒక్కసారీ కత్తి ముట్టలేదు. కంట్రోలర్ ఒళ్లో పెట్టుకుని మొగుడి వైపు చూసింది.

"ఏమైందే?" అని వంటింట్లోంచి గంగుబాయి అడిగింది.

"ఏం లేదమ్మా." తర్వాత గొంతు తగ్గించి, "ఆమె నిన్నేమన్నది?" అని అడిగింది.



"నువ్వు నాకంటె మంచిగ ఆడుతున్నవని..." అని వేణు నసిగాడు. "అందరు నిన్నే అడుగుతున్రు. ఓర్వలేకపోయిన."

"అయితే నన్ను అనేదుండె. నాతోని కొట్లాడేదుండె. గా ముసలామె మీద పడ్డవేంది?"

"పాత సేవ్ ఉంటది, నిన్నటికి తీసుకపోత. మళ్ల బతుకుతది."

"వద్దు. నాకెర్కుంటది కద" అంది.

మళ్లీ కంట్రోలర్ తీసుకుంది. భటుల దగ్గరికి తనే నడిచిపోయి లొంగిపోయింది. చెరసాలలో వేశారు. గుర్రం పోయింది, చలికోటు పోయింది. విడిచిపెట్టాక ఉత్త కాళ్లతో బయటికి వచ్చింది. వేణు అంతా చూస్తూ కూర్చున్నాడు. చేయని తప్పుకు భార్య శిక్ష అనుభవిస్తుంటే చూడటం, అదీ ఆమె ఏడవకుండా అనుభవిస్తుంటే చూడటం, అతని వల్ల కాలేదు. బయట అరుగు మీద కూర్చుని గ్రూపులో రాశాడు: 'ఆ లోయ దొరకబట్టింది నేను కాదు, నా భార్య. నేను అబద్ధం చెప్పిన.' కొందరు నవ్వు బొమ్మలు పెట్టారు. సతీష్‌బాబు మాత్రం, "ఈ ముక్క రాయడం మాటలు కాదండీ" అని ఫోన్ చేశాడు. గురువుగారూ అనలేదు, వేణుగారూ అన్నాడు.

దీక్షిత కొన్నాళ్లు ముక్తసరిగా మాట్లాడింది. ఆటలో ఉత్తరం వైపు నడిచింది. అటు మంచు ఎడారిలో ఏముందో వేణుకు కూడా తెలియదు. ఎవరూ ఏమీ అనకముందే అతను చాయ్ కలిపి తెచ్చేవాడు. పక్కన కూర్చునేవాడు, సలహా ఇవ్వడానికి నోరు తెరిచి మళ్లీ మూసుకునేవాడు. కట్టు విప్పారు, గంగుబాయి ఏర్గట్ల పోయింది, దీక్షిత ల్యాబ్‌కు మళ్లీ పోసాగింది. ఆట మాత్రం ఆదివారాలు ఆడుతూనే ఉంది.

దసరా సెలవుల్లో ఒకరోజు వేణును పిలిచింది. "ఏమయ్యా, ఇటు రా. గీ తెల్ల డ్రాగన్ కనుమకు అడ్డం పడుకున్నది. పక్క నుంచి పోదామంటే లేస్తున్నది. నాతోని అయితలేదు."

వేణు చేతులు తుడుచుకుని వచ్చి కంట్రోలర్ అందుకున్నాడు. ఎన్నాళ్లకో చేతులకు పాత పని దొరికింది. మంచులో దొర్లి, రాళ్ల చాటున దాక్కుని, చివరికి దాన్ని నేలకూల్చాడు. ఊపిరి బిగబట్టి ఆడినవాడు ఊపిరి వదిలి, ఏమంటుందోనని భార్య వైపు చూశాడు.

ఆమె తెరకు దగ్గరగా వంగి, డ్రాగన్ పడినచోట మంచు కరిగి కనిపిస్తున్న మెట్ల వైపు చూస్తోంది.

"అరె, కిందికి తొవ్వ ఉన్నది!" అంది.

ఆమె చెప్పేదాకా అతని కంటికి ఆ మెట్లు ఆనలేదు. లోపల అదే పాత మంట ఒక్కసారి చురుక్కుమంది. అది పోయేది కాదని అతనికి అప్పటికి అర్థమైంది. కంట్రోలర్ ఆమె చేతిలో పెట్టి పక్కకు జరిగాడు.

"పా, చూద్దాం" అన్నాడు.