కుంట మీద నా సంతకం

సూర్యాపేటకు దగ్గర్లో ఒక ఊరికి నేను పంచాయతీ కార్యదర్శిగా పనిచేశాను. నా మొదటి ఉద్యోగం. ఆ ఊరికి కాలువ రాదు. బోర్లు, బావులే దిక్కు. ఊరి ఎగువన పట్టా భూమిలో ఒక కుంట ఉండేది. వానాకాలంలో నిండి, చలికాలం పోయేసరికి ఎండేది. ఎండిన కుంటను చూసి ఒక ప్లాట్ల వ్యాపారి దాన్నీ, చుట్టుపక్కల మెట్ట చెలకల్నీ కొన్నాడు. వెంచర్‌కు పంచాయతీ అభిప్రాయం రాయమని ఫైలు నా దగ్గరికి వచ్చింది.

గ్రామసభలో ఒక్కరే లేచి మాట్లాడారు. కుంట కింద కూరగాయలు పండించే ముసలామె.

"ఆ కుంటల నీళ్లు ఇంకితెనే నా బాయిల ఊట ఉంటది. ఊరి మంచినీళ్ల బోరు గూడ గాడనే ఉన్నది. పూడిస్తే ఇగ ఏం తాగుతరు?"

సర్పంచ్ నవ్వాడు. "ఎండిన గుంతల నీళ్లేడున్నయ్ పెద్దమ్మా?"

ఆమె చెప్పిందే మాకు శిక్షణలో బొమ్మలు గీసి మరీ చెప్పారు. ఫైల్లో ఆమె మాటనూ చేర్చి, "నీరు ఇంకే చోటు, ఇళ్లకు ఇవ్వరాదు" అని రాశాను. మర్నాడే పై ఆఫీసు నుంచి ఫోన్. "ఇంకా ప్రొబేషన్ల ఉన్నవ్ కదమ్మా. జర ఆలోచించుకో." ఆలోచించడానికి నాకు ఒక్క మధ్యాహ్నం చాలింది. ఆ కాగితం చింపి, "అభ్యంతరం లేదు" అని రాసి సంతకం పెట్టాను. ఎవరూ నా చెయ్యి పట్టుకొని పెట్టించలేదు.

కుంటను మొరం మట్టితో పూడ్చారు. రెండో ఎండాకాలానికి ఆమె బావి అడుగు కనపడింది. ఊరి బోరూ ఎండింది. ట్యాంకర్ దగ్గర బిందెలతో నిలబడ్డ ఆడవాళ్లకు, వానలు తక్కువ పడ్డాయని చెప్పాను. ఆ ఏడు వానలు బాగానే పడ్డాయి.

ఒకరోజు ఆమె ఆఫీసుకు వచ్చింది. "ఆ దినం నా మాట రాసుకున్నవ్ కద బిడ్డా. ఆ కాగితం ఇయ్యి, పెద్దసార్లకు సూపిస్త."

"రాసిన అవ్వా. తర్వాత నేనే చింపేసిన."

తిడుతుందనుకున్నాను. "గట్లనా" అని లేచి వెళ్లిపోయింది. ఇప్పుడు త్రిపురారం వైపు కాలువ కింది పొలాల్లో నాట్లకు కూలికి పోతోందట.

నా ఉద్యోగం పర్మినెంట్ అయ్యింది. కోదాడ వైపు బదిలీ అయ్యాను. మొన్న ఆ దారిన వస్తూ వెంచర్ దగ్గర ఆగాను. ఒక్క ఇల్లూ లేవలేదు. హద్దురాళ్ల మధ్య తుమ్మ మొలిచింది. బోరు వేస్తే నీళ్లు పడటం లేదని, అందుకే ఎవరూ కట్టుకోవడం లేదని వాచ్‌మన్ చెప్పాడు.

"ప్లాటు సూడనీకి వచ్చిన్రా మేడం?" అని అడిగాడు.

అవునన్నాను.