మూడు రాజులు పడేసిన మామ

ఆ రోజుల్లో నేను మా అమ్మను కూడా అనుమానించేవాణ్ని. మార్కాపురం కర్నూలు జిల్లాను వదిలి కొత్త ప్రకాశం జిల్లాలో చేరిన తొలినాళ్లవి. నేను పలకల ఫ్యాక్టరీలో గుమాస్తాగా కుదిరి ఏడాదైంది. ఒంట్లో ఏ రోగమూ లేదు కానీ, బుర్రలోకి లెక్కల సారు దూరాడు. ఈయన పగలు హైస్కూల్లో లెక్కలు చెప్పి, సాయంత్రాలు తన అరుగు మీద మూడు ముక్కలాట గురించి మాకు పాఠాలు చెప్పేవాడు. (డబ్బు పెట్టి ఆడేవాడు కాదు, చింతగింజలతోనే. పట్టుదల మాత్రం అంతే.) ఆ ఆట మీద చిన్న పుస్తకం రాసి, సొంత ఖర్చుతో అచ్చు వేయించాడు కూడా. "ముక్కల్ని కాదురా, మనిషిని చూడండి. మంచి ముక్కలున్నోడు పడేసినాడంటే ఇంకేదో దాస్తున్నట్టే. ఏం చేసినాడని కాదు, ఎందుకు చేసినాడని అడగండి" అనేవాడు.

నేను అడగడం మొదలుపెట్టాను. టీ కొట్టాయన నవ్వితే పాలల్లో నీళ్లు కలిపాడని లెక్క. మేనేజరు భుజం తడితే ఆదివారం పని అంటగడతాడని లెక్క. ఒకరోజు మా అమ్మ అడక్కుండానే రెండోసారి నెయ్యి వేయబోతే, ఎందుకని చెయ్యి అడ్డం పెట్టాను. "కడుపునిండా తింటావని ఏస్తున్నా, ఇంకెందుకు" అంది. నాకు నమ్మకం కుదరలేదు. దురదృష్టం ఏమిటంటే, మేనేజరు విషయంలో నా లెక్క నిజమైంది. దాంతో పుస్తకం మీద గురి మరీ పెరిగింది.

అలాంటి దశలో నాయనతో కలిసి గిద్దలూరుకు పెళ్లిచూపులకు వెళ్లాను. పిల్ల వచ్చి కూర్చుని ఒక్కసారి తలెత్తి చూసింది. ఆ ఒక్క చూపుకే నా పని అయిపోయింది, ఇక సరే అనడమే మిగిలింది. భోజనాలయ్యాక బస్సుకు ఇంకా టైముందని వాళ్ల నాయన, అంటే నాకు కాబోయే మామ, చాప పరిచి పేకముక్కలు తీశాడు. తలా గుప్పెడు చింతగింజలు పెట్టుకున్నాం. వరసగా ఆరు ఆటలు నేనే గెలిచాను. ఆరో ఆటలో నా చేతిలో ఉన్నది ఏడుల జత మాత్రమే. మామ తన ముక్కలు చూసుకుని, "నీ చెయ్యి బాగుందబ్బయ్యా, నేను దిగిపోతున్నా" అని బోర్లా పడేశాడు. తర్వాత పంచే వంతు నాది. ముక్కలు పోగుచేస్తూ ఆయనవి మూడూ తిరగేసి చూశాను. (చూడకూడదు. సారు పుస్తకంలో మర్యాద మీద పాఠం లేదు.) మూడూ రాజులే. వాటిని కొట్టాలంటే మూడు ఆసులు రావాలి, ఏడుల జత ఏ మూలకు?

తిరుగు బస్సు కంభం దాటేదాకా ఆగి, సంగతి నాయన చెవిలో వేశాను. "ఏందిరా, పేకముక్కలు పడేసినాడని పిల్లను వద్దంటావా?" అన్నాడు నాయన.

"అంత మంచి ముక్కలు ఊరికే ఎవరు పడేస్తారు నాయనా? నన్ను మంచి చేసుకోవాల్సిన అవసరం ఆయనకేంది? పిల్ల విషయంలో ఏదో దాస్తున్నాడు" అన్నాను.

రెండు రోజుల్లో కబురు పెడతామని చెప్పివచ్చిన నాయన, నా మాట పట్టుకుని పది రోజులు ఊరుకున్నాడు. పదకొండో రోజు, ఆ పిల్లకు కొమరోలు సంబంధం వచ్చిందనీ, వాళ్లు శుక్రవారం ఖాయం చేసుకోబోతున్నారనీ తెలిసింది. పిల్ల కావాలి, అనుమానం పోదు. తెల్లారగానే సారు దగ్గరికి పరిగెత్తాను. అది గురువారం.

సారు పెన్సిలు తీసుకుని మొత్తం విన్నాడు. "ఆటకు ముందు ఏం పెట్టినారు?" అని అడిగాడు.

"భక్ష్యాలు సార్. వద్దంటున్నా నాలుగు వేసినారు."

సారు పెన్సిలు కింద పెట్టేశాడు. "అవి ఎందుకు వేసినారో, ఆటలూ అందుకే ఇచ్చినారు. పెండ్లిచూపులకు వచ్చినోణ్ణి ఎవరన్నా ఓడిస్తారా? మీ అక్కను చూసేదానికి వచ్చినప్పుడు మీ బావను ఓడించినారా?"

ఓడించలేదు. ఆ రోజు నాయన కావాలని ఓడిపోతుంటే పక్కన కూర్చుని నవ్వు ఆపుకున్నవాణ్ని నేనే. మనం చేస్తే మర్యాద అనుకున్నది, ఎదుటివాళ్లు చేస్తే కుట్ర అనిపించింది.

"అందరూ గెలవాలనే ఆడతారనుకుని రాసినానురా పుస్తకం," అన్నాడు సారు. "ఓడిపోదామని కూర్చునేవాని లెక్క నాకు తెలీదు. నన్నూ ఒక ఇంట్లో ఇట్లనే చాప మీద కూర్చోబెట్టినారు. నేను అందర్నీ ఓడించి లేచినా. వాళ్లు మళ్ల కబురు పెట్టలేదు." ఆయనకు అప్పటికే నలభై దాటాయి. ఇంట్లో అమ్ముడుపోని పుస్తకాల కట్టలు తప్ప తోడు ఎవరూ లేరు. ఆయన్ను చూస్తే నాకు మొదటిసారి జాలేసింది, నన్ను తలుచుకుంటే భయమేసింది.

ఫ్యాక్టరీకి ఎగనామం పెట్టి గిద్దలూరు బస్సెక్కాను. మామ వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. ముక్కలు తిరగేసిన దగ్గర్నుంచి సారు చెప్పిన మాట దాకా దాచకుండా చెప్పేశాను.

"నువ్వు తిరగేసింది నేను చూసినా నాయనా," అన్నాడాయన నింపాదిగా. "పది రోజుల నుంచి నాకూ అనుమానమే. ఇట్ల చాటుగా చూసేవానికి పిల్లనియ్యొచ్చునా అని."

ప్రపంచంలో అనుమానించే హక్కు నాకొక్కడికే ఉందని అప్పటిదాకా అనుకున్నాను. అప్పుడు తలుపు చాటు నుంచి పిల్ల గొంతు వినిపించింది.

"ముక్కలు చూసినాక ఆయన ముఖం ఎట్ల పాలిపోయిందో నేను ఇక్కణ్నించి చూస్తానే ఉన్నా నాయనా. అంత చిన్న దొంగతనమే దాచుకోలేనోడు, రేపు నా దగ్గర ఏం దాస్తాడు? కొమరోలోళ్లకు వద్దని చెప్పు."

ఆ మాటలో పొగడ్త ఎంతో, ఎగతాళి ఎంతో నాకు ఇప్పటికీ తేలలేదు. అడిగితే మా ఆవిడ నవ్వి ఊరుకుంటుంది. ఆ గురువారం నేను బస్సెక్కకపోయి ఉంటే అనుకుంటే, ఈ వయసులో కూడా గుండె ఝల్లుమంటుంది. ఆ గుమాస్తా కుర్రాడు ఇప్పుడు ఎదురుపడితే రెండు తగిలించాలనిపిస్తుంది. అంతలోనే, అంత పిరికివాడై ఉండీ ఒంటరిగా ఆ వాకిట్లోకి వెళ్లి నిలబడ్డందుకు వాణ్ని దగ్గరికి తీసుకోవాలనీ అనిపిస్తుంది.